ఎస్‌ఈలినక్స్ అమలులో ఉండగానే పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ నడవాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: కాంటా లెక్కలు, మిర్యాలగూడ

మిత్రులకు నమస్కారం. నేను మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, కంప్యూటర్ల బాధ్యత కూడా నా మీదే ఉంది. కాంటా మీదికి వచ్చిన ప్రతి లారీ బరువు, బస్తాల సంఖ్య, వడ్ల తేమ శాతం, ప్రభుత్వానికి తిరిగి అప్పగించవలసిన బియ్యం లెక్క, ఇవన్నీ ఒకే సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. గేటు చీటీలను స్కాన్ చేసిన బొమ్మలు అదే సర్వర్‌లో హోమ్ డైరెక్టరీ కింద ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఆల్మాలినక్స్ 9.

పాత సర్వర్‌లో ఎస్‌ఈలినక్స్‌ను, అంటే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును ముట్టుకోవచ్చో కాపలా కాసే లినక్స్ భద్రతా ఏర్పాటును, ఎవరో ఎప్పుడో ఆపేసి ఉంచారు కాబట్టి బ్యాకప్ గురించి నేను ఏనాడూ తల పట్టుకోలేదు. అయితే మాకు తెలిసిన మరొక మిల్లులో ఫైళ్లన్నిటికీ ఎవరో తాళం వేసి డబ్బు అడిగిన తర్వాత, కొత్త సర్వర్‌లో భద్రతా ఆంక్షలు ఏవీ తీయకూడదని మా యజమాని గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి నాకు మూడు చిక్కులు ఎదురవుతున్నాయి.

మొదటిది, డేటాబేస్ మార్పులు నమోదయ్యే వాల్ ఫైళ్లను రూట్ కింద, అంటే అన్నిటికీ పైనున్న డైరెక్టరీలో, నేను సృష్టించిన బ్యాకప్ అనే డైరెక్టరీలోకి కాపీ చేయమని ఆర్కైవ్ కమాండ్‌లో రాశాను. డేటాబేస్ దానిని నడిపినప్పుడు ప్రతిసారీ 'పర్మిషన్ డినైడ్' అని వస్తోంది. అదే కమాండ్‌ను నేను సుడో ద్వారా పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా మారి నడిపితే ఒక్క మాట లేకుండా పనిచేస్తోంది. డైరెక్టరీ యజమాని, అనుమతులు పది సార్లు చూసుకున్నాను, అన్నీ సరిగానే ఉన్నాయి.

రెండవది, రాత్రి రెండు గంటలకు పూర్తి బ్యాకప్ తీసే స్క్రిప్ట్‌ను, పనులను వేళకు మొదలుపెట్టే సిస్టమ్‌డీ టైమర్‌కు అప్పగిస్తే 203 అనే లోపసంఖ్యతో ఆగిపోతోంది. స్క్రిప్ట్ సర్వాధికారాలున్న రూట్ యూజర్ హోమ్‌లో ఉన్నందువల్ల అలా జరుగుతుందేమోనని దానిని యూఎస్ఆర్ లోకల్ బిన్‌లోకి ఎంవీ కమాండ్‌తో తరలించాను, అయినా అదే లోపం వస్తోంది.

మూడవది అసలు దెబ్బ. ఆర్కైవ్ కాని వాల్ ఫైళ్లను పోస్ట్‌గ్రెస్ తొలగించదని నాకు అప్పటికి తెలియదు. ఒక్కో ఫైలు 16 ఎంబీ ఉంటుంది. ఆర్కైవ్ టైమవుట్ అయిదు నిమిషాలు పెట్టాను, అంటే అయిదు నిమిషాలకొక ఫైలు, కాబట్టి రోజుకు 288 ఫైళ్లు, అంటే సుమారు నాలుగున్నర జీబీ. వాటి కోసం కేటాయించిన 40 జీబీ విభజన తొమ్మిదో రోజు నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. యాసంగి వడ్లు దిగుతున్న రోజులు కావడంతో గేటు బయట లారీలు బారులు తీరాయి, ఆ పూట కాంటా లెక్క అంతా కాగితం మీదనే రాసుకున్నాము. డిస్కును పెంచి తాత్కాలికంగా గట్టెక్కాను.

ఎస్‌ఈలినక్స్‌ను ఆపకుండా ఈ బ్యాకప్‌ను సరిగా నడిపించే మార్గం ఉందా? ఉంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: కేబుల్ క్రింపర్, నల్లగొండ

నేను చిన్న ఆఫీసులకు సర్వర్లు పెట్టి ఇస్తుంటాను. ఏ సర్వర్ పెట్టినా మొదటి పనిగా ఎస్‌ఈలినక్స్‌ను డిసేబుల్ చేస్తాను, ఇంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. బయట ఫైర్‌వాల్ గట్టిగా ఉంటే చాలు. బ్యాకప్ నడవకపోవడం కంటే పెద్ద ప్రమాదం ఉండదు కాబట్టి, యజమానికి ఆ మాట అర్థమయ్యేలా చెప్పి ఆపేయడమే మంచిదని నా సలహా.

జవాబు: పాలమూరు టెర్మినల్, మహబూబ్‌నగర్

క్రింపర్ గారి మాటలో సగం నిజం ఉంది, బ్యాకప్ లేకపోవడమే పెద్ద ప్రమాదం. అయితే సర్వర్‌లోని ప్రతి ఫైలునూ చదవగలిగేది బ్యాకప్ ప్రోగ్రామే కాబట్టి, దొంగకు అన్నిటికంటే ముందు కావలసినది కూడా అదే. దాని కోసం ఇంటి తలుపులన్నీ తీసి పెట్టడం నాకు సమ్మతం కాదు. పైగా మీరు రాసిన మూడు చిక్కులకూ ఆంక్షలను సడలించవలసిన అవసరం ఎక్కడా లేదు.

ముందుగా అందరినీ తికమక పెట్టే మొదటి చిక్కును చూద్దాం. అదే యూజర్, అదే కమాండ్, అదే డైరెక్టరీ, ఒకసారి పనిచేసి మరొకసారి పనిచేయకపోవడం ఏమిటి? మీ మిల్లులోనే దీనికి పోలిక ఉంది. ఒక హమాలీ గోదాములోకి వెళ్లగలడా లేదా అన్నది అతని పేరును బట్టి కాక, ఆ రోజు అతని చేతిలో ఏ గేటు చీటీ ఉందనేదానిని బట్టి తేలుతుంది కదా. ఎస్‌ఈలినక్స్ కూడా యూజర్ పేరును అడగదు, ఆ ప్రాసెస్ మీద ఉన్న లేబుల్‌ను అడుగుతుంది. మీరు టెర్మినల్‌లో కూర్చుని సుడోతో యూజర్‌ను మార్చినప్పటికీ మీ లేబుల్ 'అన్‌కన్ఫైన్డ్_టీ' గానే ఉంటుంది, దానికి దాదాపు అడ్డు లేదు. అదే ఆర్కైవ్ కమాండ్‌ను డేటాబేస్ స్వయంగా నడిపినప్పుడు, ఆ కాపీ కమాండ్ డేటాబేస్ కడుపున పుట్టిన ప్రాసెస్ కాబట్టి 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్_టీ' అనే లేబుల్‌తోనే నడుస్తుంది. ఆ లేబుల్ ఉన్నవారు ఏయే లేబుళ్లున్న డైరెక్టరీలలో రాయవచ్చునో పాలసీలో, అంటే ఎస్‌ఈలినక్స్ నియమాల పుస్తకంలో, ముందే రాసి ఉంటుంది. రూట్ కింద మీరు కొత్తగా సృష్టించిన డైరెక్టరీ గురించి పాలసీకి ఏమీ తెలియదు కాబట్టి దానికి 'డిఫాల్ట్_టీ' అనే లేబుల్ పడింది, ఊరూ పేరూ లేని ఆ చోట డేటాబేస్ రాయడానికి వీలు లేదు. ఫైళ్లకు ఎల్ఎస్‌తో, ప్రాసెస్‌లకు పీఎస్‌తో పెద్ద జెడ్ ఆప్షన్ ఇచ్చి చూస్తే ఈ లేబుళ్లు కనబడతాయి.

అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000 డిసెంబరులో బయటపెట్టి, 2003లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో లినక్స్‌లో భాగమైన ఈ ఏర్పాటు మూల ఉద్దేశమే అది: రూట్ అయినంత మాత్రాన అన్నీ చెల్లవు. అందుకే అనుమతులను, యజమానిని మార్చే సీహెచ్‌మాడ్, సీహెచ్‌ఓన్ ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఉండదు. పాత అనుమతుల పరీక్ష ముందు జరుగుతుంది, అందులో నెగ్గిన తర్వాతే ఎస్‌ఈలినక్స్ పరీక్ష మొదలవుతుంది.

మీరు చేయవలసినది ఇది. సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్ కమాండ్‌తో, ఆ బ్యాకప్ డైరెక్టరీలోని వాల్ అనే ఉపడైరెక్టరీకీ దాని లోపలి సమస్తానికీ 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్_డీబీ_టీ' అనే లేబుల్ ఉండాలని నియమం చేర్చండి, తర్వాత రీస్టోర్‌కాన్‌ను రికర్సివ్ ఆప్షన్‌తో నడపండి. సెమానేజ్ నియమాన్ని రాసి ఉంచుతుందే తప్ప డిస్కు మీది ఫైళ్లను ముట్టుకోదు, రీస్టోర్‌కాన్ ఆ నియమాన్ని ఫైళ్ల మీద అమలు చేస్తుంది, కాబట్టి రెండూ కావాలి. ఇంటర్నెట్‌లో చాలామంది సీహెచ్‌కాన్ వాడమంటారు. అది అప్పటికప్పుడు పనిచేస్తుంది గాని నియమంగా నమోదు కాదు, తర్వాత ఎవరైనా మొత్తం రీలేబుల్ చేసిన నాడు మీ లేబుల్ చెరిగిపోయి చిక్కు మళ్లీ మొదటికి వస్తుంది.

రెండవ చిక్కుకు కారణం ఎంవీ. కాపీ చేసినప్పుడు కొత్త ఫైలు కొత్త చోటి లేబుల్‌ను తీసుకుంటుంది, ఎంవీతో తరలించినప్పుడు మాత్రం పాత లేబుల్‌ను వెంట తెచ్చుకుంటుంది. మీ స్క్రిప్ట్ చోటు మారినా దాని మీద 'అడ్మిన్_హోమ్_టీ' అనే ముద్ర అలాగే ఉండిపోయింది, ఆ ముద్ర ఉన్న ఫైలును సర్వీసుగా నడపడానికి సిస్టమ్‌డీకి అనుమతి లేదు. ఆ ఒక్క ఫైలు మీద రీస్టోర్‌కాన్ నడిపితే అది 'బిన్_టీ' అవుతుంది, 203 పోతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: సర్వీస్ ఫైలులో ఫైళ్లకు నకళ్లు తీసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్ పేరు నేరుగా రాయకండి. సిస్టమ్‌డీ దానిని నేరుగా మొదలుపెడితే అది 'ఆర్‌సింక్_టీ' అనే ఇరుకైన లేబుల్‌లోకి మారి సగం ఫైళ్లను చదవలేకపోతుంది. ఆర్‌సింక్‌ను స్క్రిప్ట్ లోపలి నుంచి పిలిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

మూడవ చిక్కు మొదటిదాని ఫలితమే కాబట్టి దానంతట అదే తీరుతుంది. కానీ ఇకముందు వాల్ డైరెక్టరీలో ఫైళ్లు పేరుకుపోయినప్పుడు చేత్తో తొలగించాలనే ఆలోచన మాత్రం ఎన్నడూ రానీయకండి, అలా తొలగించి డేటాబేస్‌నే పోగొట్టుకున్నవారు ఉన్నారు. పీజీ స్టాట్ ఆర్కైవర్ అనే వ్యూలో చివరగా ఏ ఫైలు ఎప్పుడు ఆర్కైవ్ అయింది, ఎన్నిసార్లు విఫలమైంది అన్నది కనిపిస్తుంది. ఉదయం కాంటా తెరిచే ముందు దానిని ఒక్కసారి చూసే అలవాటు చేసుకోండి.

తిరిగి: కాంటా లెక్కలు, మిర్యాలగూడ

పాలమూరు టెర్మినల్ గారికి ధన్యవాదాలు. గేటు చీటీ పోలికతో విషయం తేటపడింది. మీ జవాబు చూడకముందే నేను తొందరపడి ఒక పని చేశాను, దాని గురించి మీ అభిప్రాయం కావాలి.

ఏయూసెర్చ్‌తో ఆడిట్ లాగ్ తీస్తే నిరాకరణలు కనిపించాయి: అడిగినది సీపీ, అంటే కాపీ కమాండ్, దాని లేబుల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్_టీ, ఎదుటి లేబుల్ డిఫాల్ట్_టీ, తరగతి డైరెక్టరీ. వాటిని ఆడిట్‌టూఅలౌకు ఇస్తే అది వాటిని అనుమతించే ఒక పాలసీ మాడ్యూల్ తయారుచేసి ఇచ్చింది, ఎక్కించాను. మళ్లీ వేరొక నిరాకరణ వచ్చింది, మళ్లీ మాడ్యూల్ చేశాను. ఇలా నాలుగు మాడ్యూళ్లు ఎక్కించిన తర్వాత ఆర్కైవ్ పనిచేయడం మొదలుపెట్టింది. పని జరుగుతోంది కదా, దీనిని ఇలాగే వదిలేయవచ్చునా?

మరొక విషయం. స్క్రిప్ట్‌కు రీస్టోర్‌కాన్ చేశాక టైమర్ చక్కగా నడుస్తోంది, సర్వీస్ 'సక్సెస్' అని చూపుతోంది. కానీ గేటు చీటీల బొమ్మల కోసం హోమ్ డైరెక్టరీని టార్ చేసే, అంటే ఒకే ఫైలుగా మూటకట్టే, భాగం ప్రతి రాత్రి సరిగ్గా 10,240 బైట్ల ఫైలును ఇస్తోంది. ఆడిట్ లాగ్‌లో దీనికి సంబంధించి ఒక్క నిరాకరణ కూడా లేదు. సర్వీస్ ఫైలును నేను ఇంటర్నెట్‌లోని ఒక నమూనా చూసి రాసుకున్నాను.

జవాబు: పాలమూరు టెర్మినల్, మహబూబ్‌నగర్

ఆ నాలుగు మాడ్యూళ్లనూ వెంటనే తీసేయండి. ఆడిట్‌టూఅలౌ మీరు ఏం చేయాలనుకున్నారో ఆలోచించదు, ఏది ఆగిందో దానిని వదలమని రాసి ఇస్తుంది, అంతే. ఇప్పుడు మీ పాలసీలో ఉన్న మాట ఏమిటంటే, డేటాబేస్ ప్రాసెస్ డిఫాల్ట్_టీ లేబుల్ ఉన్న ఏ చోటైనా రాయవచ్చునని. రేపు మీరు రూట్ కింద మరొక డైరెక్టరీ సృష్టించి అందులో జీతాల పట్టీ పెట్టుకుంటే, మామూలు అనుమతులు కాస్త వదులుగా ఉన్న నాడు డేటాబేస్ దానిమీదా చేయి వేయగలదు. లేబుల్ తప్పయినప్పుడు సరిచేయవలసినది లేబుల్‌నే గాని నియమాన్ని కాదు. నేను ఎప్పుడూ ముందు లేబుల్ సరైనదేనా అని చూస్తాను, తర్వాత దీనికోసం సిద్ధంగా ఉన్న బూలియన్, అంటే తెరిచి మూసే మీట, ఏదైనా ఉందా అని చూస్తాను, పోర్టుకు సంబంధించినదైతే పోర్టు లేబుల్ చూస్తాను, ఇవేవీ కానప్పుడే మాడ్యూల్ జోలికి వెళ్తాను. ఏళ్లుగా ఈ పని చేస్తున్నా నేను స్వయంగా రాసుకున్న మాడ్యూళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒక్కో నిరాకరణ తర్వాత మరొకటి బయటపడటానికి కారణం, మొదటి అడ్డు దగ్గరే ప్రోగ్రామ్ ఆగిపోవడం. అన్నీ ఒకేసారి చూడాలంటే సర్వర్ మొత్తాన్ని పర్మిసివ్‌లో, అంటే దేనినీ ఆపకుండా నమోదు మాత్రం చేసే స్థితిలో, పెట్టనవసరం లేదు, సెమానేజ్ పర్మిసివ్‌తో ఆ ఒక్క పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్_టీ డొమైన్‌నే పర్మిసివ్‌గా మార్చి, కాసేపు నడిపి, లాగ్ చూసుకుని తిరిగి తీసేయవచ్చు. ఆ కాసేపూ మిగతా సర్వర్ అంతా కాపలాలోనే ఉంటుంది. ఏదో ఆగుతున్నది గాని లాగ్‌లో కనిపించడం లేదనిపిస్తే, పాలసీలో కొన్ని నిరాకరణలను నమోదు చేయవద్దనే నియమాలు ఉంటాయి కాబట్టి, సెమాడ్యూల్‌ను పెద్ద డీ, పెద్ద బీ ఆప్షన్లతో నడిపి వాటిని తాత్కాలికంగా తొలగించి చూడాలి. చూడటం అయిపోయాక పెద్ద బీతో మాత్రమే నడిపితే అవి తిరిగి వస్తాయి.

మీ టార్ సంగతి వేరు, అందులో ఎస్‌ఈలినక్స్ తప్పేమీ లేదు. 10,240 బైట్లంటే లోపల దాదాపు ఏమీ లేని టార్ ఫైలు అని అర్థం, ఎందుకంటే టార్ మామూలుగా 512 బైట్ల ఖండాలను ఇరవై చొప్పున కలిపి రాస్తుంది, అంతకంటే చిన్న ఫైలు ఇవ్వదు. మీరు చూసి రాసుకున్న నమూనాలో 'ప్రొటెక్ట్‌హోమ్' అనే వరుస 'యెస్' అని ఉండి ఉంటుంది, చూడండి. ఆ వరుస ఉంటే సిస్టమ్‌డీ ఆ సర్వీస్‌కు హోమ్ డైరెక్టరీని ఖాళీగా చూపిస్తుంది. టార్ ఖాళీ డైరెక్టరీని నిజాయితీగా కట్టి పెట్టింది, సిస్టమ్‌డీ సక్సెస్ అంది, నిరాకరణ జరగలేదు కాబట్టి ఆడిట్‌లో ఏమీ పడలేదు. దానిని 'రీడ్ ఓన్లీ' అని మార్చండి, బ్యాకప్‌కు చదవడం చాలు, రాయవలసిన పని లేదు. నా మటుకు నాకు 'పర్మిషన్ డినైడ్' అని అరిచి ఆగిపోయే బ్యాకప్ మీద కోపం రాదు, ఇలా నవ్వుతూ ఖాళీ సంచి చేతికిచ్చేదాని మీదే వస్తుంది.

జవాబు: కేబుల్ క్రింపర్, నల్లగొండ

నా మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఇదివరకే నేను ఆపేసి ఇచ్చిన సర్వర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో తిరిగి ఎన్‌ఫోర్సింగ్ (అంటే ఆంక్షలు పూర్తిగా అమలులో) అని రాసి రీబూట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: పాలమూరు టెర్మినల్, మహబూబ్‌నగర్

అలా నేరుగా చేయకండి, సర్వర్ పైకి లేవకపోవచ్చు. ఆపి ఉంచిన కాలంలో పుట్టిన ఫైళ్లకు లేబుళ్లే ఉండవు. ముందు పర్మిసివ్ అని రాసి, రూట్‌లో ఆటోరీలేబుల్ అనే చుక్కతో మొదలయ్యే ఖాళీ ఫైలు పెట్టి రీబూట్ చేస్తే మొత్తం డిస్కుకు లేబుళ్లు పడతాయి. ఫైళ్లు ఎక్కువైతే చాలా సమయం పడుతుంది కాబట్టి సెలవు రోజు చూసుకోండి. తర్వాత కొన్ని రోజులు పర్మిసివ్‌లోనే నడిపి, లాగ్‌లో వచ్చినవాటిని సరిచేసుకున్నాకే ఎన్‌ఫోర్సింగ్‌కు మారండి.

జవాబు: గద్వాల డీబీఏ

నేను గద్వాలవాడిని, హైదరాబాదులో డేటాబేస్ పని చేస్తున్నాను. పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూ, ఇంతవరకు ఎవరూ ముట్టుకోని రెండు విషయాలు రాస్తాను.

మీ బ్యాకప్ అంతా అదే సర్వర్‌లోని మరొక డైరెక్టరీలో ఉన్నట్టు కనిపిస్తోంది. పిడుగు పడినా, దొంగలు ఎత్తుకెళ్లినా రెండూ కలిసే పోతాయి. బయట మరొక మెషీన్‌కు పంపాలనుకున్నప్పుడు చాలామంది ఆర్కైవ్ కమాండ్‌లోనే ఆర్‌సింక్ రాసేస్తారు. ఎన్‌ఫోర్సింగ్‌లో అది ఆగుతుంది, దానిని వదలడానికి 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్_క్యాన్_ఆర్‌సింక్' అనే బూలియన్ సిద్ధంగా ఉంది, సెట్‌ఎస్ఈబూల్‌ను పెద్ద పీ ఆప్షన్‌తో నడిపి తెరిస్తే రీబూట్ తర్వాత కూడా నిలుస్తుంది. ఆ మార్గం తప్పేమీ కాదు గాని, మీ యజమాని భయానికి అది మందు కాదు. మిల్లు సర్వర్ చేతిలో రెండో చోటి తాళంచెవి ఉన్నంతకాలం, మిల్లు సర్వర్‌లోకి జొరబడినవాడు అక్కడి నకళ్లను కూడా చెరిపేయగలడు.

అందుచేత దిశను తిప్పండి. డేటాబేస్ తన పక్కనే ఉన్న వాల్ డైరెక్టరీలో రాసి ఊరుకోవాలి, రెండో మెషీన్ రాత్రిపూట తానే వచ్చి లాక్కోవాలి. మిల్లు సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు ఉన్న ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే మార్గం) అనుమతుల ఫైలులో ఆ మెషీన్ తాళంచెవి చేర్చి, దాని ముందు ఆర్ఆర్‌సింక్ అనే చిన్న స్క్రిప్ట్‌ను 'చదవడం మాత్రమే' ఆప్షన్‌తో, బ్యాకప్ డైరెక్టరీకే పరిమితం చేస్తూ రాయండి. అప్పుడు ఆ చెవితో ఇంకే కమాండ్ నడవదు, బూలియన్ తెరవవలసిన అవసరమూ ఉండదు. ఆ ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీని వేరే చోట తయారుచేసి ఎంవీతో తెచ్చినట్టయితే మాత్రం రీస్టోర్‌కాన్ మరువకండి, లేబుల్ తప్పితే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఆ ఫైలును చదవలేక పాస్‌వర్డ్ అడుగుతుంది.

రెండో విషయం పునరుద్ధరణ. బ్యాకప్ తీసేటప్పుడు అడ్డుపడిన లేబుళ్లే తిరిగి పెట్టేటప్పుడు కూడా అడ్డుపడతాయి. ఆర్‌సింక్‌కు చిన్న ఏ ఆప్షన్ ఇస్తే అన్నీ వస్తాయనుకుంటారు, లేబుళ్లు రావు, వాటికి పెద్ద ఎక్స్ వేరుగా ఇవ్వాలి. టార్‌కు ఎస్‌ఈలినక్స్ ఆప్షన్ వేరే ఉంది. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను విడివిడిగా కాపీ చేస్తే లేబుళ్లే కాదు, యజమాని, అనుమతులు కూడా పోతాయి, అందులో పెట్టదలిస్తే టార్‌గా కట్టి పెట్టండి. వీటన్నిటికంటే మేలైనది, పునరుద్ధరించిన తర్వాత రీస్టోర్‌కాన్ నడపడం. ఎందుకంటే లేబుళ్లు మీ డేటాలో భాగం కావు, పాలసీ ఉంటే వాటిని ఎప్పుడైనా తిరిగి పుట్టించవచ్చు. అయితే మీరు సొంతంగా చేర్చిన నియమాలు మాత్రం ఆ సర్వర్ పాలసీలోనే ఉంటాయి, కొత్త సర్వర్‌కు వాటి గురించి తెలియదు. సెమానేజ్ ఎక్స్‌పోర్ట్ కమాండ్ ఆ నియమాలన్నిటినీ ఒక చిన్న ఫైలుగా రాసి ఇస్తుంది. దానిని కూడా ప్రతి రాత్రి బ్యాకప్‌లో చేర్చండి.

ఇవన్నీ అయ్యాక మీ పాత సర్వర్‌ను ఒకసారి తుడిచి, దానిమీద ఆల్మాలినక్స్ 9 వేసి, ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంచి, నిజంగా సర్వర్ పోయిందనుకుని తిరిగి నిలబెట్టి చూడండి. డేటాబేస్ తెరుచుకున్నంత మాత్రాన సంతోషించకండి, చివరి లారీ చీటీ ఉందో లేదో చూడండి.

తిరిగి: కాంటా లెక్కలు, మిర్యాలగూడ

జరిగినదంతా రాస్తున్నాను, మరొకరికి పనికొస్తుంది.

నాలుగు మాడ్యూళ్లూ తీసేసి, వాల్ డైరెక్టరీకి లేబుల్ నియమం చేర్చి రీస్టోర్‌కాన్ నడిపాను. పేరుకుపోయినవాటిలో ఇంకా మిగిలిన వాల్ ఫైళ్లన్నీ గంట లోపల ఆర్కైవ్ అయిపోయి డిస్కు ఖాళీ అయింది. ప్రొటెక్ట్‌హోమ్ వరుస మీరు ఊహించినట్టే ఉంది, మార్చాను, ఆ రాత్రి టార్ ఫైలు ఆరు జీబీ వచ్చింది. నల్లగొండలో మా యజమాని ఇంట్లో ఒక చిన్న మెషీన్ పెట్టాము, అది వీపీఎన్ ద్వారా వచ్చి రాత్రి నకళ్లు తీసుకెళ్తోంది.

తర్వాత గద్వాల డీబీఏ గారు చెప్పినట్టు పాత సర్వర్ మీద పునరుద్ధరణ మొదలుపెట్టాను. నల్లగొండ మెషీన్ నుంచి ఆదివారం రాత్రి తీసిన పూర్తి బ్యాకప్, సోమవారం వాల్ ఫైళ్లు తెచ్చుకున్నాను. పూర్తి బ్యాకప్‌ను రూట్ హోమ్‌లో విప్పి డేటాబేస్ డైరెక్టరీలోకి ఎంవీ చేశాను. చదివి కూడా అదే తప్పు చేశాను, డేటాబేస్ మొదలు కాలేదు. రీస్టోర్‌కాన్ నడిపాక మొదలైంది, ఎటువంటి లోపమూ చూపకుండా తెరుచుకుంది, పట్టికలన్నీ ఉన్నాయి. చివరి చీటీ ఉందా అని మీరు అడగమన్నందువల్ల అడిగాను. చివరి చీటీ ఆదివారం రాత్రిది. సోమవారం వచ్చిన 61 లారీలలో ఒక్కటీ లేదు.

లాగ్‌లో వెతికితే, ఆర్కైవ్ నుంచి వాల్ ఫైళ్లను తిరిగి తెచ్చే రీస్టోర్ కమాండ్ దగ్గర ఒక 'పర్మిషన్ డినైడ్' వరుస కనబడింది. ఈ మెషీన్‌లో కూడా రూట్ కింద బ్యాకప్ డైరెక్టరీ కొత్తగా సృష్టించాను, దాని లేబుల్ డిఫాల్ట్_టీ, డేటాబేస్ అక్కడి వాల్ ఫైళ్లను చదవలేకపోయింది. అయితే అది ఆగిపోకుండా ఎందుకు తెరుచుకున్నట్టు?

జవాబు: గద్వాల డీబీఏ

రీస్టోర్ కమాండ్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్ దానిని లోపంగా భావించదు, ఆర్కైవ్‌లో ఇక ఫైళ్లు లేవని అర్థం చేసుకుంటుంది. ఫైలు లేకపోయినా, ఉండి చదవనివ్వకపోయినా సీపీ ఇచ్చే జవాబు దానికి ఒకటే. పూర్తి బ్యాకప్‌తోపాటు వచ్చిన వాల్ ఫైళ్లతో అది నిలకడ స్థితికి చేరుకుంది కాబట్టి, అక్కడితో ముగించి తలుపులు తెరిచింది. ఒకసారి అలా తెరుచుకున్న డేటాబేస్‌కు మిగతా వాల్ ఫైళ్లను ఇప్పుడు అందించలేరు, మళ్లీ పూర్తి బ్యాకప్ నుంచే మొదలుపెట్టాలి. ముందు సెమానేజ్ ఇంపోర్ట్‌తో నియమాలు ఎక్కించి, బ్యాకప్ డైరెక్టరీ మీద రీస్టోర్‌కాన్ నడిపి, ఆ తర్వాతే డేటాబేస్‌ను మొదలుపెట్టండి.

తిరిగి: కాంటా లెక్కలు, మిర్యాలగూడ

ఆ వరుసలోనే చేశాను. ఈసారి టార్‌ను నేరుగా డేటాబేస్ డైరెక్టరీలోనే విప్పాను. మొత్తం పని గంటా నలభై నిమిషాలు పట్టింది. చివరి చీటీ సోమవారం సాయంత్రం ఆరు దాటాక వచ్చిన లారీది, 61 లారీలూ ఉన్నాయి, గేటు దగ్గరి కాగితపు చీటీలతో ఒక్కొక్కటీ పక్కన పెట్టి బరువులు సరిచూశాను. నియమాల ఫైలును రాత్రి బ్యాకప్‌లో చేర్చాను, పునరుద్ధరణ వరుసను కాగితం మీద రాసి కాంటా గదిలో గోడకు అంటించాను. వానాకాలం వడ్లు దిగకముందు మరొకసారి ఇదే పాత మెషీన్ మీద చేసి చూస్తాను.